శబ్దం పుడుతుందా, వెల్లడవుతుందా? ఇంటి రికార్డింగు గదిలో న్యాయ, మీమాంసల వివాదం

ఇంట్లోనే పాట రికార్డు చేసుకోవాలనుకునేవారిని మొదట చుట్టుముట్టే ప్రశ్నలు వస్తువుల గురించినవి. ఏ మైకు కొనాలి, దాన్ని కంప్యూటరుకు కలిపే పెట్టె ఏది మంచిది, ఏ సాఫ్ట్‌వేరుతో మొదలుపెట్టాలి అని అడుగుతారు, అడగవలసినవే. అయితే వీటన్నిటికీ అడుగున ఇంకొక ప్రశ్న ఉంది. గాయకుడు పాడుతున్నప్పుడు గదిలో ఉన్న శబ్దమూ, మరునాడు అదే గదిలో స్పీకరు వినిపించే శబ్దమూ ఒకటేనా, వేర్వేరా? ఒకటే అయితే రాత్రంతా అది ఎక్కడ ఉన్నట్టు? వేర్వేరైతే రెండోదాన్ని ఆ గాయకుని పాట అని పిలవడానికి ఆధారమేమిటి? ఈ సందేహం తీరకుండానే పరికరాలు కొనవచ్చు, పాటలు తయారుచేయవచ్చు. కాని డబ్బు దేనిమీద పెట్టాలి, శ్రమ ఎక్కడ పడాలి, దేన్ని దిద్దవచ్చు, దేన్ని దిద్దకూడదు అనే నిర్ణయాల్లో ప్రతి ఒక్కటీ, తెలిసో తెలియకో, ఈ ప్రశ్నకు ఒక జవాబును ముందే ఒప్పుకొని చేసేదే అవుతుంది. పాడేది కీర్తన అయి, పాడటం దైవానికి సమర్పణ అయినప్పుడు సమర్పించినది ఏది, మిగిలినది ఏది అన్న విచారం సంగీతాన్ని దాటి ఆచారానికీ తగులుతుంది.

గ్రామఫోను పుట్టడానికి వందల ఏళ్ల ముందే భారతీయ దర్శనాలు ఈ ప్రశ్నను వేరొక రూపంలో, అంటే శబ్దం నిత్యమా అనిత్యమా అనే రూపంలో, ఎంతో పట్టుదలతో చర్చించాయి. వేదవాక్యాల అర్థనిర్ణయాన్ని తన పనిగా పెట్టుకున్న మీమాంస శబ్దం నిత్యమంది. ఆ దర్శనానికి మూలమైన జైమిని సూత్రాలకు భాష్యం రాసిన శబరస్వామి, ఆ భాష్యాన్ని 7వ శతాబ్దంలో విస్తరించిన కుమారిలభట్టు చెప్పినదాని ప్రకారం, ఉచ్చారణ వల్ల అక్షరం పుట్టదు. ఎప్పుడూ ఉన్న అక్షరమే ఉచ్చారణ వల్ల వెల్లడవుతుంది. ఇలా వెల్లడి కావడాన్ని అభివ్యక్తి అంటారు. దీనికి వారు చూపిన ముఖ్యమైన ఆధారం ప్రత్యభిజ్ఞ, అంటే ఇదివరకు ఎరిగినదాన్నే మళ్లీ గుర్తుపట్టడం. నిన్న ఒకరి నోట గకారం విన్నవాడు ఇవాళ మరొకరి నోట దాన్ని విన్నప్పుడు ఇది వేరొక గకారమని అనుకోడు, అదే గకారమని గుర్తుపడతాడు. కనుక మారినవి గొంతులూ ధ్వనులూ మాత్రమే, గకారం ఒకటే అని వారి వాదం.

న్యాయ, వైశేషిక దర్శనాలు దీన్ని ఒప్పుకోలేదు. వాటి మతంలో శబ్దం పుడుతుంది, క్షణాల్లో నశిస్తుంది. ఆంధ్రదేశం నుంచి కాశీకి వెళ్లి పేరు పొందిన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం, ఇప్పటికీ తర్కం నేర్చుకునేవారు మొదట పట్టే పుస్తకం, శబ్దాన్ని చెవికి అందే గుణంగా, ఆకాశానికి మాత్రమే చెందిన గుణంగా నిర్వచించి, భేరి మొదలైనవాటి మోతను ధ్వని అనీ, భాషలోని అక్షరాలను వర్ణమనీ రెండుగా విడదీస్తుంది. దానికి ఆయనే రాసుకున్న దీపిక అనే వ్యాఖ్యానం శబ్దం పుట్టే తీరులు మూడంటుంది: భేరికి కర్ర తగిలినప్పుడు సంయోగం వల్ల పుట్టేది, వెదురును చీల్చినప్పుడు విభాగం వల్ల పుట్టేది, ఆ పైన ఒక శబ్దం నుంచి మరో శబ్దంగా పుట్టేది. ఈ మూడోదే కీలకం. పుట్టిన చోటే నశించే శబ్దం దూరాన ఉన్న చెవిని ఎలా చేరుతుందంటే, మొదటి శబ్దం రెండోదాన్ని, అది మూడోదాన్ని పుట్టించి తాను నశిస్తూ పోగా, చెవిలో పుట్టిన చివరి శబ్దమే వినబడుతుందని నైయాయికులు, అంటే న్యాయదర్శనం వారు, చెప్పారు. ఈ పరంపరను కొందరు నీటి అలల వరుసతో, కొందరు అన్ని వైపులకూ ఒక్కసారే విచ్చుకునే కదంబ పుష్పంతో పోల్చారు. అదే శతాబ్దపు విశ్వనాథ పంచాననుని కారికావళిలో ఈ రెండు పోలికలూ ఉన్నాయి. ఇక ప్రత్యభిజ్ఞ సంగతికి వస్తే, ఒకడు అదే మందు మళ్లీ తిన్నాడని అన్నప్పుడు నిన్న మింగిన గుళికనే మళ్లీ మింగాడని ఎవరూ అనుకోరు, అదే జాతికి చెందిన మందు అనుకుంటారు. గకారాన్ని గుర్తుపట్టడమూ అంతేనని వారి సమాధానం.

ఈ వివాదానికి ఆ శాస్త్రకారులెవరూ ఊహించని ఒక పరీక్ష పారిస్‌లో జరిగింది. ఎడ్వర్డ్ లియోన్ స్కాట్ ద మార్టిన్‌విల్ అనే ఫ్రెంచివాడు 1857లో ఫోనోటోగ్రాఫ్ అనే యంత్రానికి పేటెంటు పొందాడు. బాకా వంటి గొట్టం చివర బిగించిన పలుచని పొర ధ్వనికి కదులుతుంటే, దానికి తగిలించిన ముల్లు దీపపు మసి పట్టించిన కాగితం మీద ఆ కదలికను గీతగా గీసేది. గీతను కంటితో చూసి చదవడమే ఆయన ఉద్దేశం. దాన్ని మళ్లీ వినిపించే ఏర్పాటు ఆ యంత్రంలో లేదు, 1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫు వచ్చేదాకా ఎక్కడా లేదు. 1860 ఏప్రిల్ 9న అలా గీసిన ఒక ఫ్రెంచి జానపద గీతపు ముక్కను 2008లో అమెరికా పరిశోధకులు కంప్యూటరు సాయంతో శబ్దంగా మార్చి వినిపించారు. మొదట విన్నవారికి అది స్త్రీ గాని బాలిక గాని పాడినట్టు తోచింది. తర్వాత, కాలాన్ని కొలవడం కోసం పాట గీత పక్కనే గీసి ఉంచిన ట్యూనింగ్ ఫోర్కు కంపనాల లెక్కలో రెట్టింపు తేడా వచ్చిందని గ్రహించి, వేగాన్ని సగానికి తగ్గించగా అది నెమ్మదిగా పాడుతున్న మగగొంతు అయింది, బహుశా స్కాట్ గొంతే.

148 ఏళ్లు మసి కాగితంలో ఉన్నది ఏమిటి? శబ్దం అక్కడ దాగి ఉండి 2008లో వెల్లడయిందని మీమాంసకుడు అనగలడు. అయితే మొదట వెల్లడయిన బాలిక గొంతు ఎవరిది అన్న ప్రశ్నకు, అది వెల్లడించే సాధనంలోని దోషమేగాని వెల్లడయిన వస్తువులోని దోషం కాదని అతడు చెప్పవలసి వస్తుంది. ఆ జవాబులో కొంత బలముంది, ఎందుకంటే వేగం రెట్టింపైనా, సగమైనా విన్నవారు గుర్తుపట్టినది ఆ ఒకే పాటను. కాని గొంతు విషయంలో ఆ బలం నిలవదు. కుమారిలుడు నిత్యమన్నది వర్ణాన్ని. ఆ వర్ణాన్ని వెల్లడించే ధ్వని వచ్చి పోయేదేనని ఆయనకూ సమ్మతమే. మైకు పట్టుకునేదేమో సరిగ్గా ఆ వచ్చి పోయేదాన్నే: గొంతులోని జీరను, ఊపిరిని, పెదవుల తడిని, గోడల మారుమోతను. అందువల్ల రికార్డింగు విషయంలో మీమాంసకుడు తన సిద్ధాంతాన్ని వదులుకోకుండానే నైయాయికునితో ఏకీభవించవచ్చు. కాగితంలో ఉన్నది మసి, శబ్దం 2008లో పుట్టింది అన్నదే సరైన మాట. ఇంటి రికార్డింగు మొదలుపెట్టేవారికి ఈ నైయాయిక దృష్టి ఒక్కటి పట్టుబడితే పరికరాల గురించిన చాలా సందేహాలు వాటంతట అవే సర్దుకుంటాయి.

పరికరాల వరుసను ఈ దృష్టితో చూడవచ్చు. గాలి ఒత్తిడిలోని హెచ్చుతగ్గులను విద్యుత్తులోని హెచ్చుతగ్గులుగా మార్చేది మైకు. డైనమిక్ అనే రకంలో పలుచని పొరకు అంటుకున్న తీగచుట్ట అయస్కాంతం మధ్య కదిలి విద్యుత్తు పుట్టిస్తుంది. 1966 నుంచి వేదికల మీద కనిపిస్తున్న షూర్ ఎస్ఎం58 ఈ రకానిదే. కండెన్సర్ అనే రకంలో అతి దగ్గరగా ఉన్న రెండు పలకల్లో ఒకటి కదలగా వాటి మధ్య వోల్టేజి మారుతుంది. దానికి బయటి నుంచి సాధారణంగా 48 వోల్టుల సరఫరా కావాలి, దాన్నే ఫాంటమ్ పవర్ అంటారు. రెండింటిలోనూ పొర తోసిన వైపుకు వంగి మళ్లీ తన చోటికి వస్తుంది. ఈ తిరిగి రావడాన్ని తర్కసంగ్రహం స్థితిస్థాపకం అనే సంస్కారంగా, చాప వంటివి వంచినా మళ్లీ చాచుకోవడానికి కారణంగా చెప్పింది. ఆ తరువాతిది ఆడియో ఇంటర్‌ఫేసు, అంటే మైకు ఇచ్చే బలహీనమైన విద్యుత్తును పెంచి, సెకనుకు 44,100 సార్లు గాని 48,000 సార్లు గాని కొలిచి, ప్రతి కొలతనూ ఒక సంఖ్యగా కంప్యూటరుకు పంపే పెట్టె. మనిషి చెవి సెకనుకు సుమారు 20,000 కంపనాల వరకే వినగలదు గనుక, దానికి రెట్టింపుకు మించిన కొలతలు చాలునన్నది ఈ అంకెల వెనుక సూత్రం. 16 బిట్ల పద్ధతిలో ఒక్కో కొలతకు 65,536 మెట్లు ఉంటే, 24 బిట్ల పద్ధతిలో 1,67,77,216 ఉంటాయి. కొత్తవారు రెండోదాన్నే ఎంచుకోవడం మేలు, ఎందుకంటే పాట చిన్నగా నమోదైనా వివరం పోదు.

ఈ వరుసలో ఒక చోట శబ్దపరంపర తెగిపోతుంది. కచేరీలో శ్రోత చెవిలో పుట్టేది గాయకుని కంఠం నుంచి ఎడతెగక వచ్చిన పరంపరలోని చివరి శబ్దం. రికార్డింగులో ఆ పరంపర మైకు పొర దగ్గర ముగుస్తుంది. అక్కడి నుంచి ఉన్నవి విద్యుత్తు, ఆపైన సంఖ్యలు. ఆ సంఖ్యలలో ఏ ఒక్కటీ శబ్దం కాదు, అన్నీ కలిసినా శబ్దం కావు. మరునాడు స్పీకరు పొర గాలిని తాకినప్పుడు పుట్టేది అన్నంభట్టు లెక్కలో శబ్దం నుంచి పుట్టిన శబ్దం కాదు, భేరీ శబ్దం లాగే సంయోగం నుంచి పుట్టినది, అంటే కొత్త పరంపరకు మొదటి శబ్దం. ఈ రెండు పరంపరలను కలిపేది ఏమిటన్న ప్రశ్నకు న్యాయంలో నేరుగా సరిపోయే జవాబు లేదు. స్మృతికి కారణమైన సంస్కారాన్ని నైయాయికులు భావన అన్నారు గాని అది ఆత్మలో మాత్రమే ఉంటుందన్నారు. హార్డ్ డిస్కుకు ఆత్మ లేదు. అయినా ఆ జడవస్తువులో ఉన్నది పాట అనడంకంటే పాట విడిచిన ఒక సంస్కారం అనడమే సత్యానికి దగ్గర.

ఇక్కడ న్యాయానికి ఒక లోపం ఉందని కూడా ఒప్పుకోవాలి. శబ్దం ఆకాశగుణమని వారన్నారు. గాలి తోడేసిన పాత్రలో మోత వినబడకపోవడాన్ని 1660లో రాబర్ట్ బాయిల్ ప్రకటించిన ప్రయోగాలు చూపించాయి, ధ్వని ప్రయాణానికి గాలి వంటి పదార్థం కావాలని భౌతికశాస్త్రం స్థిరపరిచింది. ఈ విషయంలో మీమాంసకుడైన శబరస్వామే నిజానికి దగ్గరగా ఉన్నాడు: నోటి నుంచి వెడలిన వాయువు నిశ్చలంగా ఉన్న వాయువును తాకుతూ అన్ని దిక్కులకూ సంయోగ విభాగాలను వ్యాపింపజేస్తుందని ఆయన భాష్యం చెబుతుంది. పుట్టుక విషయంలో న్యాయమూ, ప్రయాణం విషయంలో మీమాంసా నేటి శాస్త్రానికి తోడుగా నిలవడం విశేషం.

అన్ని దిక్కులకూ అన్న ఆ మాటే ఇంటి గదికి ప్రాణం. కొత్తవారు సాధారణంగా మైకు మీదే డబ్బంతా పోస్తారు, గది గురించి ఆలోచించరు. కాని కంఠం నుంచి వెడలిన ధ్వని మైకు వైపు మాత్రమే పోదు. నేలను, కప్పును, నాలుగు గోడలను తాకి, సెకనులో కొన్ని వెయ్యోవంతులు ఆలస్యంగా మళ్లీ మైకును చేరుతుంది. ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు కనుక, సెకనుకు 100 కంపనాలున్న మంద్రధ్వనికి ఒక్కో అల పొడవు దాదాపు 3.4 మీటర్లు, అంటే పదడుగుల గదికంటే ఎక్కువ. పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు ఉన్న పడకగదిలో 56, 47 కంపనాల చుట్టూ ధ్వని గోడల మధ్యే నిలిచి కొన్ని చోట్ల ఉబ్బి, కొన్ని చోట్ల అణగిపోతుంది. మృదంగం తొప్పి, డప్పు రికార్డు చేసేవారు ఒకే వాద్యం గది మూలలో ఒకలా, మధ్యలో ఇంకోలా నమోదు కావడం గమనిస్తారు. సిమెంటు గోడలు, టైల్సు నేల ఉన్న గదిలో గొంతు గణగణమంటుంది. బట్టలతో నిండిన బీరువా తలుపులు తీసిపెట్టడం, గోడకు మందపాటి బొంతలు వేలాడదీయడం, పరుపును నిలబెట్టి గాయకుని వెనుక ఆనించడం, పుస్తకాల అరలున్న గదిని ఎంచుకోవడం ఖర్చు లేని మార్గాలు. కోడిగుడ్ల అట్టలు అతికిస్తే గది స్టూడియో అవుతుందన్న నమ్మకం చాలా చోట్ల ఉంది. అవి పైస్థాయి ధ్వనులను కొద్దిగా మాత్రమే పీల్చి, మంద్రధ్వనులను అలాగే వదిలేస్తాయి. ఏ ఏర్పాటూ లేని గదికి సున్నితమైన కండెన్సర్ కంటే డైనమిక్ మైకే నయం, ఎందుకంటే నోటికి దగ్గరగా పెట్టుకొని వాడే ఆ మైకు సీలింగు ఫ్యానునూ, వంటింటి కుక్కరునూ, వీధి మోతనూ తక్కువగా పట్టుకుంటుంది. శబ్దం ఎప్పటికప్పుడు పుట్టేదే అయినప్పుడు, అది పుట్టే చోటును సిద్ధం చేయడమే మొదటి పని. పూజకు ముందు స్థలశుద్ధి చేసే సంప్రదాయానికి ఈ మాట కొత్తగా చెప్పనక్కరలేదు.

నేర్చుకోవలసిన నైపుణ్యాల్లో కొన్నిటిని త్వరగా చెప్పి దాటవచ్చు. కండెన్సరుకు, నోటికి మధ్య ఆరు నుంచి ఎనిమిది అంగుళాల ఎడం ఉండాలి. పకార, బకారాల్లో, మరీ ముఖ్యంగా ఫకార, భకారాల్లో వెడలే ఊపిరి మైకు పొరను కొట్టి ఢమ్మనే మోత పుట్టిస్తుంది కనుక, మధ్యలో పల్చని గుడ్డ బిగించిన పాప్ ఫిల్టరు పెట్టి, మైకును నోటికి కొంచెం పక్కగా తిప్పాలి. సంస్కృత పదాలు నిండిన కీర్తనలకు ఈ జాగ్రత్త మరింత అవసరం. డిజిటల్ కొలతలో సున్నా డెసిబెల్ అన్నది పైకప్పు, దాన్ని దాటిన అల తెగిపోయి చెవికి కటువవుతుంది. అత్యంత గట్టిగా పాడిన చోటు మైనస్ 12కూ మైనస్ 6కూ మధ్య ఉండేటట్టు స్థాయి పెట్టుకుంటే చాలు. సాఫ్ట్‌వేరు విషయంలో ఆడాసిటీ, గరాజ్‌బ్యాండ్, రీపర్ వంటి వాటిలో ఏదో ఒకటి పట్టుకొని దానితోనే చాలాకాలం పనిచేయడం, వాటిని మార్చుకుంటూ పోవడంకంటే మంచిది.

హెడ్‌ఫోన్ల సంగతి అంత తేలికగా దాటిపోయేది కాదు. గాయకుడు శ్రుతిని హెడ్‌ఫోన్లలో వింటూ పాడతాడు, తంబూరా మోత మైకులో పడకూడదు కనుక చెవులను పూర్తిగా మూసే రకం వాడాలి. అప్పుడు తన గొంతు తనకు కంప్యూటరు గుండా తిరిగి వస్తుంది. కంప్యూటరు కొలతలను కట్టలు కట్టలుగా తీసుకుంటుంది. ఒక్కో కట్టలో 256 కొలతలుంటే లోపలికి సుమారు 6, బయటికి మరో 6 మిల్లీసెకన్లు పడతాయి, అంటే ఆ గొంతు నాలుగు మీటర్ల దూరం నుంచి వినబడినంత ఆలస్యం. కట్టను 1024కు పెంచితే ఆ దూరం పదహారు మీటర్లవుతుంది, తాళం నిలవదు. ఈ ఆలస్యాన్ని లేటెన్సీ అంటారు. చాలా ఇంటర్‌ఫేసుల్లో మైకు ధ్వనిని కంప్యూటరు దాకా పంపకుండా నేరుగా హెడ్‌ఫోన్లకు ఇచ్చే మీట ఉంటుంది, దాన్నే వాడాలి. ఇంతకంటే లోతైన ఇబ్బంది పాడిన తర్వాత వస్తుంది. తన గొంతును రికార్డులో మొదటిసారి విన్నవారు ఇది నా గొంతు కాదనుకుంటారు. పాడుతున్నప్పుడు ఎవరి గొంతు వారికి గాలి ద్వారానే కాక పుర్రె ఎముకల ద్వారా కూడా చేరుతుంది, ఆ దారిన మంద్రధ్వనులు బలంగా వస్తాయి. రికార్డులో ఆ భాగం ఉండదు. అందరి గొంతునూ ఇట్టే గుర్తుపట్టగలిగిన మనిషి తన గొంతును మాత్రం గుర్తుపట్టలేకపోవడం ప్రత్యభిజ్ఞావాదానికి గట్టి ప్రశ్న. అది అదే గొంతు అన్న అనుభవమే ఏకత్వానికి ప్రమాణమైతే, ఇది అది కాదన్న అనుభవాన్ని ఏం చేయాలి? 1902లో కలకత్తాలో గ్రామఫోను కంపెనీకి పాడిన గౌహర్ జాన్ పాట చివర తన పేరు తానే చెప్పుకునేది; విదేశంలో రికార్డులు ముద్రించేవారికి ఏ పాట ఎవరిదో తెలియాలన్నది కారణం. గొంతు తానెవరిదో తానే చెప్పుకోలేదని ఆ తొలి రోజుల్లోనే తేలింది.

ముక్కలు కలిపే పని దగ్గర న్యాయం ఇంకొక పనికొచ్చే పనిముట్టు అందిస్తుంది. ఇంటి రికార్డింగులో పల్లవి ఒక రోజు, చరణం మరో రోజు పాడి, ఒకే పంక్తిని పదిసార్లు పాడి, వాటిలో మంచి ముక్కలను ఏరి అతికించడం మామూలు. ఇలా అతికిన కీర్తన ఒక కీర్తనేనా? వాక్యానికి అర్థం కలగడానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడూ కావాలని తర్కసంగ్రహం చెబుతుంది. సన్నిధి అంటే పదాలను ఆలస్యం లేకుండా వెంటవెంటనే ఉచ్చరించడం. ఆవును తెమ్మని చెప్పదలచినవాడు ఒక్కో పదాన్ని ఒక్కో జాముకు పలికితే అది వాక్యం కాదు. అతికించిన పాటలో ఉచ్చారణకు సన్నిధి లేదు, వినికిడికి ఉంది. అన్నంభట్టు దీపికలో ఈ విషయాన్ని సరిదిద్దుతూ, ముఖ్యమైనది పదార్థాలు ఆలస్యం లేకుండా స్ఫురించడమనీ, వెంటవెంట ఉచ్చరించడం దానికి ఉపకరించేది కాబట్టి మూలంలో చెప్పబడిందనీ వివరించాడు. ఈ వివరణను బట్టి శ్రోతకు అతుకుల పాట పూర్తి పాటే. భక్తుడైన గాయకుని వైపు నుంచి చూస్తే లెక్క మారుతుంది. సమర్పణ జరిగేది పాడేవాని వైపున, అక్కడ ఉచ్చారణే ముఖ్యం. ఏరి పెట్టిన ముక్కల మొత్తాన్ని అతడు ఎన్నడూ పాడలేదు. కాబట్టి కీర్తనను మొదటి నుంచి చివరిదాకా ఒక్క ఊపున పాడిన రికార్డింగును, తప్పులతో సహా, విడిగా భద్రపరచుకొని, అతికినదాన్ని లోకానికి ఇవ్వడం ఉచితం. ఆ రెండూ వేర్వేరు వస్తువులు, వేర్వేరు ప్రయోజనాలకు పుట్టినవి.

శ్రుతి దిద్దే సాఫ్ట్‌వేరు విషయంలో అంత సహనం చూపనక్కరలేదు. చమురు నిక్షేపాల కోసం భూకంపన తరంగాలను విశ్లేషించిన ఇంజనీరు ఆండీ హిల్డెబ్రాండ్ 1997లో తెచ్చిన ఆటో-ట్యూన్, గొంతు ఏ స్వరానికి దగ్గరగా ఉందో పసిగట్టి దాన్ని ఆ స్వరం మీదికి లాగుతుంది. మామూలు అమరికలో అది లెక్కించే స్వరాలు కీబోర్డులోని పన్నెండు. తోడిలో గాంధారం ఒక చోట నిలవదు, అటూ ఇటూ విశాలంగా ఊగుతుంది. ఆ ఊపే గమకం, ఆ గమకమే తోడి. దాన్ని నిలబెట్టి దిద్దితే దోషం పోదు, రాగం పోతుంది. ఊగకుండా నిలిచే స్వరాల్లోనూ చిక్కుంది: తంబూరా తీగ సహజంగా పలికే అంతర గాంధారం కీబోర్డు గాంధారం కంటే సుమారు 14 సెంట్లు తక్కువ, అంటే అర్ధస్వరాన్ని నూరు భాగాలు చేస్తే అందులో పద్నాలుగు. దిద్దుబాటు ఇంటి గాయకుణ్ణి తన తంబూరాకే అపశ్రుతి చేస్తుంది. ఇదే సందర్భంలో, సెకనుకు 432 కంపనాలు దివ్యమనీ, 528 ఔషధమనీ ప్రచారమయ్యే భక్తి రికార్డింగుల గురించి ఒక మాట చెప్పాలి. భారతీయ సంగీతంలో షడ్జం పాడేవారి కంఠాన్ని బట్టి ఏర్పడుతుంది గాని ఒక అంకెకు కట్టుబడి లేదు. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో నాదాన్ని కొట్టకుండా ఉన్న అనాహతం, కొట్టగా పుట్టిన ఆహతం అని రెండుగా విభజించి, అనాహతం యోగులదేగాని జనరంజకం కాదని చెప్పి ఆహతాన్ని వివరించడానికి పూనుకున్నాడు. మైకుకు అందేది ఆహతమే. అనాహతాన్ని కంపనాల సంఖ్యగా అమ్మేవారికి ఆ శాస్త్రంలో ఆధారం దొరకదు.

ఇక మిగిలింది వేదపాఠం. శబ్దం నిత్యమని అంతగా వాదించిన సంప్రదాయం వేదాన్ని గ్రంథం చూసి చదివి నేర్చుకోవడాన్ని ఒప్పుకోలేదు. ఉచ్చారణ నియమాల గ్రంథమైన పాణినీయ శిక్ష రాసినదాన్ని చూసి చదివేవాణ్ణి అధమపాఠకులలో ఒకడిగా లెక్కించింది. శబ్దం ఎప్పుడూ ఉన్నదే అయితే అది తాటాకు నుంచి వెల్లడయితేనేం, గురుముఖం నుంచి వెల్లడయితేనేం అన్న ప్రశ్న సహజం. నిత్యత్వం శబ్దానిదే అయినా అధ్యయనం మనుషుల మధ్య జరిగే పని అన్నది ఆ నియమంలోని ఆశయంగా కనిపిస్తుంది. రికార్డు చేసిన పాఠానికీ ఇదే వర్తిస్తుంది. ఇంట్లో మంచి మైకుతో నమోదైన ఒక పండితుని పాఠం ఉదాత్త, అనుదాత్త, స్వరితాలను, అంటే స్వరపు హెచ్చు, తగ్గు, మిశ్రమ స్థాయిలను, ఏ లిపికంటే మిన్నగా అందిస్తుంది; శ్రవణానికి అంతకంటే కోరేది లేదు. అయితే అది వినిపిస్తుంది గాని వినదు. విద్యార్థి తప్పు పలికితే ఆపలేదు. ఈ కారణంగా రికార్డింగు గురువుకు తోడు కాగలదు గాని బదులు కాలేదు. అమెరికాలోనూ ఆస్ట్రేలియాలోనూ పెరిగే తెలుగు పిల్లలు ఇవాళ హైదరాబాదు, విజయవాడల్లోని గురువుల దగ్గర ఇంటర్నెట్టు ద్వారా సంగీతమూ, స్తోత్రాలూ, కొందరు వేదమంత్రాలూ నేర్చుకుంటున్నారు. ధ్వని అంత దూరం పోయి రావడానికి పట్టే ఆలస్యం వల్ల గురుశిష్యులు కలిసి పాడటం అక్కడ సాధ్యం కాదు, తాళం చెదిరిపోతుంది. గీతాలు, వర్ణాలు నేర్పే గురువులకు ఇది పెద్ద ఇబ్బంది. వేదపాఠానికి ఇబ్బంది అంత లేదు. గురువు ఒక ఖండాన్ని ఒకసారి చెబితే శిష్యుడు రెండుసార్లు చెప్పే సంథ పద్ధతిలో రెండు గొంతులు ఒకేసారి కలవవలసిన అవసరమే రాదు. శిష్యుని మైకు దగ్గరగా, గది నిశ్శబ్దంగా, ఫ్యాను ఆపి ఉంటే చాలు. స్వరితం తప్పిన చోటు గురువుకు స్పష్టంగా వినబడుతుంది, ఆయన ఆపి ఆ ఖండాన్నే మళ్లీ చెప్పిస్తాడు.